ఎత్తిన చెయ్యి

ఆదివారం పొద్దున్నే ఉల్లిమడి చూసేసరికి కెజాయాకు ఒళ్ళు మండిపోయింది. పై మూడు వరసలూ నిగనిగలాడుతున్నాయి. కింది రెండు వరసలు మాత్రం ఆకు పసుపుపచ్చగా తిరిగి నేలమీద పడుకున్నాయి. వారానికోసారి, గురువారం నాడు, కాలవ కాపలావాడు తూము తలుపు ఎత్తి రెండు గంటలసేపు హల్లమ్ వాళ్ళ బోదెలోకి నీళ్ళు వదులుతాడు. గోధుమ చేను సంగతి ఇంటాయన జేబెజ్ చూసుకుంటాడు. పెరటి మడులు తడపడం మారెన్ పని. ఈ వేసవిలో కింది వరసలకు నీళ్ళందకపోవడం ఇది నాలుగోసారి.

"మారెన్!" అని కేక పెట్టింది కెజాయా.

హల్లమ్ వాళ్ళది రెండు గుమ్మాల ఇల్లు. ఎడమ గుమ్మం పెద్దభార్య కెజాయాది, కుడి గుమ్మం చిన్నభార్య మారెన్‌ది. మా బర్చ్ క్రీక్‌లో అలాంటి ఇళ్ళు ఇంకో నాలుగున్నాయి. మా మతం ఒప్పుకున్నదే కాబట్టి వాటిని ఎవరూ వింతగా చూడరు. ఏ గుమ్మం ముందు మగాడి బూట్లున్నాయో మాత్రం దారినపోయే ప్రతివాళ్ళూ చూస్తారు.

మారెన్ కుడి గుమ్మంలోంచి పాల బకెట్‌తో వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ మనిషి. ఆరేళ్ళ కిందట డెన్మార్క్ నుంచి ఒంటరిగా ఓడెక్కి వచ్చింది. వచ్చిన మరుసటి ఏడే జేబెజ్‌కు రెండో భార్య అయింది.

"ఏం అక్కా?"

"ఏమని నన్నడుగుతావేం? నీళ్ళు వదిలేసి ఎక్కడ పడుకున్నావు?"

"పడుకోలేదు అక్కా."

"మరి నీళ్ళు వాటంతటవే నడిచి కింది వరసల్లోకి పోతాయనుకున్నావా? మీ దేశంలో పోతాయేమో. ఇక్కడ పార పట్టుకుని మళ్ళించాలి."

మారెన్ తల వంచుకుంది. "వచ్చే గురువారం జాగ్రత్తగా చూస్తాను."

"వచ్చే గురువారానికి ఇక్కడ ఉల్లిపాయలుండవు, పొట్టు ఉంటుంది. దాన్ని చూద్దువుగాని."

ఇంట్లోంచి థర్జా టోపీ ముడి వేసుకుంటూ వచ్చింది. కెజాయాకు బతికున్న ఒక్కగానొక్క కూతురు. పదిహేడేళ్ళది. వచ్చే వసంతంలో పక్కింటి ప్లంరిజ్ వాళ్ళ పెద్దకొడుకుతో పెళ్ళి నిశ్చయమైంది.

"అమ్మా, చర్చి మీటింగుకు వేళయింది. ఆదివారం పూట కూడా పిన్నిని వదలవా?"

"ఆదివారమని ఉల్లి ఎండటం మానిందా?" అంటూ కెజాయా లోపలికి వెళ్ళి, పులిసిన పిండి రెండు ముద్దలు చేసి, పొయ్యి అరలో పెట్టి తలుపు మూసింది. మీటింగు పొడుగెక్కకపోతే తిరిగొచ్చేసరికి రొట్టెలు సరిగ్గా ఎర్రబడతాయి.

కెజాయా చెడ్డ మనిషి కాదు. నోరు పెద్దది, అంతే. మారెన్‌కు కొడుకు పుట్టినప్పుడు మంత్రసాని పని చేసింది తనే. పోయిన శీతాకాలం గొంతు జబ్బుతో ఆ ఏడాదిన్నర పిల్లాడు ఓలుఫ్ పోయినప్పుడు స్నానం చేయించి, తన కొత్త దిండు గలీబు చింపి చొక్కా కుట్టి తొడిగింది కూడా తనే. ఆ తర్వాత మాత్రం వాడి పేరు ఎత్తలేదు. పోయిన పిల్లల గురించి మాట్లాడటం ఆమెకు చేతకాదు. దానికో కారణం ఉంది. తర్వాత చెప్పుకుందాం.

మీటింగు పొడుగెక్కింది. ఆగస్టు ఎండకు చెక్క కప్పు పేలుతోంది. ఆడవాళ్ళు టోపీలతో విసురుకుంటున్నారు. బిషప్ అథర్టన్ ఒక్కొక్క విషయం చదవడం, సరేననేవాళ్ళు చెయ్యెత్తమనడం, అందరూ కుడిచెయ్యి ఎత్తడం, దించడం. కాలవ పూడిక తియ్యడానికి ఫలానావారు. చెయ్యి. జబ్బుపడ్డ ఇళ్ళకు పిండి చేరవెయ్యడానికి ఫలానా సోదరి. చెయ్యి. మా వాళ్ళకు చెయ్యెత్తడం ఊపిరి పీల్చినంత అలవాటు. ఒకరు ఎత్తితే పక్కవాళ్ళ చెయ్యి దానంతటదే లేస్తుంది.

కెజాయా మనసంతా పొయ్యి మీదే ఉంది. ఈపాటికి పైన ఎర్రబడి ఉంటుంది, ఇంకో పావుగంట ఈయన మాట్లాడితే మాడుతుంది అనుకుంటోంది. బిషప్ ఏదో ఉత్తరం విప్పాడు. దక్షిణాన ఎర్రమట్టి నేలలో పత్తి పండించడానికి, కొత్త ఊరు కట్టడానికి, పంట కాగానే బయల్దేరవలసినవాళ్ళు అన్నాడు. రెండు పేర్లు చదివాడు. సరేననేవాళ్ళు తెలియజెయ్యండి అన్నాడు. చేతులు లేచాయి. కెజాయా చెయ్యి కూడా లేచింది.

థర్జా ఆమె మోచేతిని గట్టిగా పట్టుకుంది. "అమ్మా, నాన్న పేరమ్మా!"

"ఏమిటి?"

"రెండో పేరు. నాన్నది."

కెజాయా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. చుట్టూ చూసింది. అందరూ తననే చూస్తున్నారు. ఎంత గుండె నిబ్బరమో చూడండి అన్నట్టు చూస్తున్నారు. "కాదనేవాళ్ళుంటే అలాగే తెలియజెయ్యండి," అన్నాడు బిషప్. ఆ హాల్లో ఆ మాటకు చెయ్యి లేవగా ఎవరూ ఎన్నడూ చూడలేదు. అప్పటికే సరేనన్న చెయ్యి మళ్ళీ ఎలా లేస్తుంది? మెల్లగా దించి ఒళ్ళో పెట్టుకుంది. ముందు వరసలో జేబెజ్ వెనక్కి తిరగలేదు. అతని మెడ వెనక చెమట కారుతోంది.

ఇంటికొచ్చేసరికి రొట్టెలు రెండూ బొగ్గయ్యాయి.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అంది కెజాయా, మాడిన రొట్టెను బల్లమీద పడేసి.

జేబెజ్ నెమ్మది మనిషి. ఇంగ్లండులో మేజోళ్ళు నేసే మగ్గం ముందు పెరిగాడు. ముప్పై ఏళ్ళ వయసులో ఈ లోయకు వచ్చి నాగలి పట్టడం నేర్చుకున్నాడు. ఎడారిలో మొలిచే సేజ్ పొదలు పీకి, రాళ్ళేరి, పదమూడేళ్ళలో ఆ నేలను అన్నం పెట్టే నేల చేశాడు.

"శుక్రవారం. బిషప్ చేను దగ్గరికొచ్చి చెప్పాడు."

"శుక్రవారం, శనివారం నా చేత్తో పెట్టింది తిన్నావు. అప్పుడు నోరు పెగల్లేదా?"

"చెబుదామనే అనుకున్నాను. వద్దంటావని భయమేసింది. నువ్వు వద్దంటే నేనూ వద్దంటానేమోనని ఇంకా భయమేసింది."

"అందరం పోవాలా?"

జేబెజ్ గోడ వైపు చూశాడు. ఆ గోడకు అవతల మారెన్ గది. "అందరం పోతే కాలవలో వంతు పోతుంది. వంతు పోతే ఈ నేల మళ్ళీ సేజ్ పొదలే. పైగా వసంతంలో థర్జా పెళ్ళి. గోధుమ చేను ప్లంరిజ్ పాలికి చేస్తానన్నాడు. ఇల్లు, పెరడు నువ్వూ థర్జా చూసుకోండి. మారెన్ నాతో వస్తుంది. వయసులో ఉంది, ఒంట్లో బలముంది, చంకలో పిల్ల లేదు."

"బిషప్, నువ్వు కలిసి అనుకున్నారన్నమాట."

"అవును."

"ఎన్నేళ్ళు?"

"తిరిగి రమ్మనేదాకా. ఐదేళ్ళో, పదేళ్ళో."

"నాకు నలభై మూడు. పదేళ్ళంటే ఇక రావనే చెప్పు, అర్థం చేసుకుంటాను." బల్లమీది బొగ్గుపొడి చేత్తో ఊడ్చింది. "సముద్రం దాటి నీ వెనక వచ్చాను. పొట్టలో పిల్ల, చంకలో పిల్లతో వచ్చాను. ఇప్పుడు పొలం కాపలాకు పనికొచ్చానా?"

జేబెజ్ తన అరచేతులు చూసుకున్నాడు. చివరికి, "నువ్వు కూడా చెయ్యెత్తావు కదా కెజాయా," అన్నాడు. దెప్పడానికి అనలేదు పాపం. ఆమె ఒప్పుకుందన్న ధైర్యంతో అన్నాడు. కానీ ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. రొట్టెల గురించి ఆలోచిస్తూ ఎత్తానని ఎలా చెబుతుంది? మాడిన రొట్టెను తీసుకెళ్ళి కోళ్ళకు వేసింది.

ఆ తర్వాత నాలుగు వారాలు ఆ ఇంట్లో పని ఆగలేదు, మాటలు ఆగిపోయాయి. కోతలయ్యాయి. యాపిల్ ముక్కలు కోసి ఎండబెట్టారు. బండి చక్రాలకు కొత్త ఇనుప పట్టాలు వేయించారు. అన్నింట్లోనూ కెజాయా అందరికంటే ముందుంది. మధ్యలో ఒక్కో మాట మాత్రం సూదిలా విసిరేది.

"ఆ దుప్పటి మంచిది తీసుకో. కొత్త కాపురానికి పాత దుప్పటి ఏం బావుంటుంది?"

"పాతదే చాలు అక్కా."

"ఎందుకు చాలుతుంది? ఇన్నాళ్ళూ వారానికి సగం నీది. ఇక ఏడాదంతా నీదే. అదృష్టవంతురాలివి."

"అమ్మా!" అనేది థర్జా.

"నేనన్నానా? ఊరంతా అంటోంది." అబద్ధం కాదు. ప్లంరిజ్ వాళ్ళావిడ అంతకుముందురోజే కంచె మీదుగా వంగి, "చిన్నావిడ పంట పండింది, నువ్వే పాపం," అని పుండుమీద కారం చల్లిపోయింది.

మారెన్ దేనికీ ఎదురు చెప్పలేదు. ఆ అణకువ చూస్తే కెజాయాకు ఇంకా ఒళ్ళు మండేది. లోపల్లోపల సంబరపడుతోంది, పైకి పిల్లిలా ఉంది అనుకునేది. ఉల్లిమడిలో కింది వరసలు మాత్రం అలాగే ఎండిపోతూ వచ్చాయి.

సెప్టెంబరు చివరి గురువారం కెజాయా ఇక ఊరుకోలేకపోయింది. వెన్న చిలుకుతున్న కవ్వం థర్జా చేతికిచ్చి, కోళ్ళగూడు చాటున నిలబడి చూసింది. బోదెలోకి నీళ్ళు వచ్చాయి. మారెన్ గౌను అంచు నడుముకు దోపుకుని, పారతో గట్టు తెంచి, పై వరసలకు నీళ్ళు కట్టింది. చక్కగా కట్టింది. ఆ తర్వాత పార పక్కన పెట్టేసి, కావడికి రెండు బకెట్లు తగిలించి, నీళ్ళు ముంచుకుని, పెరటి వెనక దారిన పోయింది. పోయి, ఖాళీ బకెట్లతో వచ్చి, మళ్ళీ ముంచుకుపోయింది. ఈలోగా పై వరసలు నిండి నీళ్ళు దారిలోకి పొర్లుతున్నాయి.

"వంతు నీళ్ళు ఎవరికో మోస్తోంది!" అనుకుంది కెజాయా. మా ఊళ్ళో వంతు నీళ్ళు దొంగిలించడం కంటే పెద్ద తప్పు లేదు. కోడిపెట్టలు దొంగిలిస్తే మందలించి వదిలేస్తారు. నీళ్ళు దొంగిలిస్తే నిండు మీటింగులో నిలబెడతారు. కెజాయా పార అందుకుని, ఇవాళ దీని సంగతి తేలుస్తానని వెనకే బయల్దేరింది.

దారి ఊరి వెనక మిట్ట మీదికి వెళ్ళింది. కాలవ కంటే ఎత్తు కాబట్టి అక్కడ ఏమీ పండదు. అందుకే అక్కడ సమాధులు పెట్టారు. ఆయాసపడుతూ ఎక్కేసరికి, వరస చివర చిన్న చెక్క పలక ముందు మారెన్ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. పలక పక్కన ఒక అడవి గులాబి మొక్క, మోకాలెత్తున. చుట్టూ ఎక్కడా పచ్చని పరక లేదు, అదొక్కటే పచ్చగా ఉంది. దాని మొదట్లో నీళ్ళు పోస్తూ మారెన్ తన భాషలో ఏదో చెబుతోంది. పాట కాదు, ప్రార్థన కాదు. పక్కనున్న మనిషితో కబుర్లు చెప్పినట్టు చెబుతోంది.

"ఇదా నువ్వు చేసే పని?" అనేసింది కెజాయా. వచ్చేటప్పుడు సిద్ధం చేసుకున్న మాట అది. నోట్లోంచి వచ్చాక సిగ్గేసింది.

మారెన్ ఉలిక్కిపడి లేచింది. బకెట్ ఒరిగిపోయింది. "తప్పయింది అక్కా. ఉల్లి... వచ్చే వారం నుంచి..."

"ఉల్లి మాట వదిలెయ్. ఎన్నాళ్ళ నుంచి?"

"మే నెల నుంచి. మొక్క నాటాను. ఇక్కడికి కాలవ రాదు కదా. వారానికి ఆరు బకెట్లు పోస్తే బతుకుతోంది."

"నాతో ఒక్క మాట చెబితే నీ నోరు అరిగిపోతుందా?"

"చెబితే, మడికే చాలక ఏడుస్తుంటే రాళ్ళకు పోస్తావా అంటారని..."

కెజాయా పార నేలకు ఆనించింది. సరిగ్గా ఆ మాటే అనేది. "ఎలాగూ పై నెల వెళ్ళిపోతున్నావు కదా," అంది చివరికి.

"అందుకే ఇప్పుడు పది బకెట్లు పోస్తున్నాను. ఎక్కువ పోస్తే, నేను పోయాక కొన్నాళ్ళయినా నిలుస్తుందేమోనని." మారెన్ ఒరిగిన బకెట్ లేపి పెట్టింది.

ఎంత పోసినా ఆ మట్టిలో నీళ్ళు వారం దాటి నిలవవని ఇద్దరికీ తెలుసు.

"నీకు వెళ్ళాలని లేదా?"

మారెన్ ఆమెను వింతగా చూసింది. ఆ ప్రశ్న అదే మొదటిసారి వినడం. "నన్ను ఎవరడిగారు అక్కా? బ్రదర్ హల్లమ్ వచ్చి బట్టలు సర్దుకో అన్నారు. మీటింగులో అందరూ చెయ్యెత్తారు. మీరూ ఎత్తారు. నేనూ ఎత్తాను."

పెళ్ళయి ఐదేళ్ళయినా ఆమె మొగుణ్ణి, చర్చిలో అందరూ పిలిచినట్టు, బ్రదర్ హల్లమ్ అనే పిలుస్తుంది. కెజాయా ఎన్నోసార్లు దానికి నవ్వుకుంది. ఇప్పుడు నవ్వు రాలేదు.

"ఆయన్ని మీ దగ్గర్నించి లాక్కుపోవాలని నాకెప్పుడూ లేదు. ఆయన మంచివారు. దెబ్బలాడరు, తిండి తక్కువ చెయ్యరు. కానీ ఈ దేశంలో నాదంటూ ఉన్నది ఇదొక్కటే." కాలి దగ్గరి మట్టిని చూపించింది. "నేను వెళ్ళిపోతే వీడికి ఎవరున్నారక్కా?"

కెజాయా చేతిలో పార కింద పడేసింది. ఆ రాళ్ళ మీదే కూలబడింది. ఇందాక తర్వాత చెప్పుకుందామన్న సంగతి అప్పుడు చెప్పింది. పధ్నాలుగేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, కన్న కూతురికి కూడా.

"థర్జా తర్వాత నాకింకో పిల్ల ఉండేది. ఓడ దిగిన వారానికి పుట్టింది. తొమ్మిది నెలలు బతికింది. ప్లాట్ నది ఒడ్డున బండ్లలో వస్తుంటే విరేచనాలు పట్టుకున్నాయి. నాకూ జ్వరం, ఒళ్ళు తెలియడం లేదు. పొద్దున పోయింది. మధ్యాహ్నం బండ్లు ఆగినప్పుడు పాతిపెట్టారు. ఎక్కడ పాతారో తెలుసా? దారి మధ్యలో."

"దారి మధ్యలోనా?"

"తోడేళ్ళు తవ్వుతాయని. పైన గుర్తు కనిపించకూడదు. గుర్తుంటే వాసన పడతాయట. అందుకని మట్టి కప్పి, దాని మీదుగా బండ్లు తోలేవాళ్ళు. నలభై బండ్లు తోలారు. మొదటి బండి మాదే. ఎద్దుల్ని అదిలించింది మీ బ్రదర్ హల్లమే. నేను బండి వెనక పడుకుని చూస్తున్నాను. అదిగో అక్కడ అని చూపించడానికి ఒక రాయి కూడా లేదు. రెండు చక్రాల జాడలు, అంతే. ఆ రోజు తారీఖు కూడా నాకు తెలియదు."

మారెన్ వచ్చి పక్కన కూర్చుంది. "పేరేమిటి అక్కా?"

పధ్నాలుగేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తెలిసినవాళ్ళు బాధపెట్టకూడదని అడగలేదు. తెలియనివాళ్ళకు అడగాలని తెలియదు. కెజాయా పెదాలు రెండుసార్లు కదిలి ఆగిపోయాయి.

"తబితా," అంది. అని, కొంగులాంటి తన ఏప్రన్‌లో మొహం దాచుకుని, ఆ మిట్ట మీద వెక్కివెక్కి ఏడ్చింది. మారెన్ ఆమె వీపు నిమురుతూ ఉండిపోయింది. నాలుగు వారాలు సూదుల్లాంటి మాటలు పడ్డ మనిషి ఆమె. ఒక్కటీ తిరిగి అనలేదు.

కాసేపటికి కెజాయా ముక్కు తుడుచుకుని లేచింది. "ఇంకా ఎన్ని పొయ్యాలి?"

"నాలుగు."

"కావడి ఇలా ఇవ్వు. నీ భుజం చూడు ఎలా కమిలిపోయిందో."

ఆ వారం ఉల్లి పూర్తిగా ఎండిపోయింది. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

మిట్ట దిగిన రోజు మధ్యాహ్నమే, భోజనాల దగ్గర జేబెజ్ రొట్టె విరిచి మజ్జిగలో వేసుకుంటుంటే కెజాయా చెప్పింది. "దక్షిణానికి నీతో నేనొస్తున్నాను. మారెన్ ఇక్కడే ఉంటుంది."

జేబెజ్ చెంచా ఆపేశాడు. "నీకేమైనా పిచ్చా? అక్కడ ఇల్లు లేదు, చెట్టు లేదు. బండిలో పడుకోవాలి. నీ మోకాళ్ళు మెట్లెక్కడానికే మొరాయిస్తున్నాయి."

"మొరాయిస్తే తిట్టుకుంటూ నడుస్తాను. ఇంతకుముందు నడవలేదా?"

"బిషప్‌తో అనుకున్నది..."

"బిషప్‌కు కావలసింది నీకు వండిపెట్టే మనిషి. ఏ మనిషని ఉత్తరంలో ఉందా? చూపించు."

థర్జా మొహం పాలిపోయింది. "అమ్మా, మరి నా పెళ్ళికి?"

అది కెజాయా ఆలోచించని సంగతి కాదు. మిట్ట దిగినప్పటినుంచీ ఆలోచిస్తున్నది అదొక్కటే. వసంతంలో కూతురి జుట్టు దువ్వి పూలు పెట్టేది తను కాదు. మనవడు పుడితే ముందుగా ఎత్తుకునేదీ తను కాదు. "నీ పెళ్ళి గౌను కుట్టేసి వెళ్తాను," అంది. "పిన్ని ఉంటుంది. నాకంటే బాగా చూసుకుంటుంది. నాలా అరవదు కూడా."

థర్జా బల్ల మీద తల పెట్టేసుకుంది. మారెన్ లేచి ఆమె వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. "అక్కా, వద్దు. నేనే వెళ్తాను. మీకు కూతురుంది."

"నా కూతురు బతికుంది మారెన్. నేను లేకపోయినా దాని కాళ్ళు దాన్ని నడిపిస్తాయి. నీ కొడుక్కి నువ్వు పోస్తేనే నీళ్ళు."

"ఏం నీళ్ళు?" అన్నాడు జేబెజ్ అర్థం కాక.

కెజాయా అతని వైపు తిరిగింది. "ఒక పిల్లను దారిలో వదిలేసి వచ్చిన తల్లి ఈ ఇంట్లో ఇప్పటికే ఒకతి ఉంది జేబెజ్. రెండోదాన్ని తయారుచెయ్యకు. నువ్వు ఎద్దుల్ని అదిలించడం నేను చూశాను. కళ్ళు మూసుకునే ఉన్నానని అనుకున్నావు. చూశాను."

జేబెజ్ లేచి, టోపీ కూడా తీసుకోకుండా కొట్టంలోకి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం పాలు పితకడానికి వెళ్ళిన థర్జా, నాన్న అటక మీదున్న దేవదారు పలక కిందికి దించి చిత్రిక పడుతున్నాడని వచ్చి చెప్పింది. బండికి ఏదో అవసరమై ఉంటుందని కెజాయా పట్టించుకోలేదు.

తర్వాతి ఆదివారం బిషప్ జేబెజ్‌తో వెళ్ళే మనిషి పేరు చదివాడు. సోదరి కెజాయా హల్లమ్ అన్నాడు. సరేననేవాళ్ళు తెలియజెయ్యండి అన్నాడు. ఈసారి అందరికంటే ముందు లేచిన చెయ్యి కెజాయాదే. పక్కన మారెన్ చెయ్యి మాత్రం లేవలేదు. రెండు చేతులతోనూ మొహం కప్పుకుని ఉంది.

అక్టోబరు మధ్యలో బయల్దేరారు. పొద్దున్నే ప్లంరిజ్ వాళ్ళావిడ యాపిల్ పాకం జాడీ తెచ్చిచ్చి, ఏమనాలో తెలియక ఏడ్చి వెళ్ళింది. థర్జా తల్లిని పట్టుకుని వదల్లేదు. కెజాయా ఆమె చేతులు ఒక్కొక్క వేలూ విడదీసింది. "రొట్టె పొయ్యిలో పెట్టి మీటింగుకు వెళ్ళకు," అంది. చెప్పాలనుకున్నవి నూరు మాటలు, పైకి వచ్చింది ఆ ఒక్కటే. మారెన్ ఎక్కడా కనిపించలేదు. వీడ్కోలు చెప్పే ధైర్యం లేక దాక్కుందేమో అనుకుని కెజాయా కుడి గుమ్మాన్ని ఒకసారి చేత్తో తడిమి బండెక్కింది.

దక్షిణానికి పోయే దారి ఊరి కింది నుంచి ఉంది. జేబెజ్ ఎద్దుల్ని పైకి మళ్ళించాడు.

"ఇటెక్కడికి?"

అతను ఎద్దుల పక్కన నడుస్తూ మిట్ట అంచుదాకా తోలి ఆపాడు. చెయ్యి అందించాడు. "దిగు."

గులాబి మొక్క దగ్గర మారెన్ నిలబడి ఉంది. ఓలుఫ్ పలక పక్కన ఇంకో పలక ఉంది. దేవదారుది, కొత్తది, చిత్రిక వాసన ఇంకా పోలేదు. కెజాయా దగ్గరికి వెళ్ళింది. చదవడం రాని మనిషిలా చాలాసేపు చూసింది. తబితా హల్లమ్, తొమ్మిది నెలలు అని ఉంది. కింద తారీఖు ఉంది. జులై ఇరవై మూడు, పద్దెనిమిది వందల యాభై మూడు.

"కింద ఏమీ లేదని తెలుసు," అన్నాడు జేబెజ్ వెనకనుంచి. "మారెన్ అడిగింది. పక్కనే పెడితే తను ఇద్దరికీ నీళ్ళు పోస్తానంది."

"తారీఖు... నీకెలా తెలుసు?"

"ఎలా మర్చిపోతాను?" అతను ముందుకొచ్చి కొత్త పలక అంచు తుడిచాడు. "ఎద్దులు కదల్లేదు ఆ రోజు. వాటికీ తెలిసినట్టుంది. కర్రతో కొట్టాను. ఈ పధ్నాలుగేళ్ళలో మళ్ళీ ఏ ఎద్దునీ కొట్టలేదు. నువ్వు చూసి ఉంటావేమోనన్న భయంతో నీ ముందు దాని పేరు ఎత్తలేకపోయాను."

నిజమే, అతను ఎద్దుల్ని కొట్టడం ఆమె చూడలేదు. చేతకాని మెతకతనం అనుకుని ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో. కెజాయా అతని చెయ్యి పట్టుకుని తన చెంపకు ఆనించుకుంది. ఇద్దరూ అలా ఆ పలక ముందు నిలబడి, ఆ రోజు ఏడవాల్సిన ఏడుపు ఇప్పుడు ఏడ్చారు.

తర్వాత ఆమె బండి పక్కన కట్టిన నీళ్ళ పీపాలోంచి ఒక చెంబు నిండా ముంచింది.

"అక్కా, దారికి కావాలి ఆ నీళ్ళు. నేను పోస్తానుగా."

"రేపటినుంచి నువ్వే పొయ్యాలి. ఇవాళ నన్ను పొయ్యనీ."

కొత్త పలక మొదట్లో నీళ్ళు పోసింది. పొడిమట్టి గుటుక్కున తాగేసింది. మారెన్ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని గౌను అంచు పట్టుకుంది. కెజాయా వంగి ఆమె నుదుటి మీద ముద్దుపెట్టి, "ఉల్లి ఎండిపోయినా ఫరవాలేదే," అంది. ఇద్దరూ ఏడుస్తూనే నవ్వారు.

జేబెజ్ ఎద్దుల దగ్గరికి వెళ్ళాడు. మిట్ట మీద చోటు తక్కువ. తిన్నగా తోలితే బండి ఆ రెండు పలకల ముందు మట్టి తొక్కుకుంటూ పోతుంది. అతను కాడి మీద చెయ్యి వేసి, ఎద్దులతో ఏదో మెల్లగా చెబుతూ, అడుగు అడుగు వెనక్కి నడిపించాడు. ఒక్క చక్రం కూడా ఆ తడిమట్టి అంచుకు తగలకుండా, చాలా దూరంగా తిప్పి, బండిని దారి మీదికి తీసుకొచ్చాడు.